నా ఎడమ కన్ను, మా ఇంటి అదృష్టం

నా ఎడమ కంటికి మెల్ల ఉండేది. పుట్టుకతోనే ఉంది. నల్లగుడ్డు ముక్కువైపు జరిగి అక్కడే స్థిరపడిపోయింది. ఆ కంటికి చూపు కూడా అంతంతమాత్రం. కుడి కన్ను మూసుకుంటే ప్రపంచమంతా పాలలో నానేసిన రొట్టెలా మెత్తగా, అంచుల్లేకుండా కనబడేది. బడిలో పిల్లలు నాకు ఏమేం పేర్లు పెట్టారో ఇక్కడ రాయను. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే ఉన్నారు, తత్కాల్ టికెట్ కావలసినప్పుడు నాకు నమస్కారం కూడా పెడతారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి, ఎడమ అరచేత్తో ఆ కన్ను కప్పేసి, మిగిలిన సగం మొహం చూసుకుని, అబ్బ, ఎంత బావున్నాను అనుకునేదాన్ని. ఆ సగానికి సరైన జత దొరికితే చాలు. చిన్నప్పటినుంచీ దేవుణ్ణి ఇంకేమీ అడిగిన గుర్తు లేదు, పదో తరగతి లెక్కల పరీక్ష ముందు రోజు తప్ప.

అలాంటి కన్ను, నా పెళ్ళయిన మర్నాటినుంచీ మా అత్తవారింట్లో లక్ష్మీదేవి అయి కూర్చుంది. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్ళలో ఒక మాట ఉంది కదా. మిగతా ఇళ్ళలో ఆ మాట మెల్ల ఉన్న పిల్లని ఓదార్చడానికి వాడతారు. మా అత్త దాన్ని రైల్వే సర్క్యులర్‌లా అమలు చేసింది. నేను గడపలో కాలు పెట్టిన వారానికే మా మామకి ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు మీద సంతకం మా పెళ్ళిచూపులకన్నా ముందే పడింది, కానీ తేదీలు చదివే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. మంగ్లాలో మామ కొన్న స్థలం అప్పట్లో వరిపొలాల మధ్య ఉండేది, పగలు వెళ్ళినా నక్కలు కనబడేవట. తరవాత ఊరు పెరిగి పెరిగి మంగ్లాని మింగేసింది, మా స్థలం పక్కన స్వీటు షాపు కూడా వచ్చింది. అదీ నా కంటి చలవే. ఈ సంగతి మునిసిపాలిటీ వాళ్ళకి తెలియదు పాపం, తమ వల్లే ఊరు పెరిగిందనుకుంటున్నారు. ఆఖరికి నేను రెండేళ్ళు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న రిజర్వేషన్ క్లర్కు ఉద్యోగానికి కూడా పేరు కంటికే పోయింది. "ఇంటర్వ్యూలో ముగ్గురు కూచుంటే, ముగ్గురూ తమనే చూస్తోందనుకుని మార్కులేసేరు" అని మా ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పి నవ్వుతాడు. నవ్వినప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని. ఇరవయ్యారేళ్ళు అలా నవ్వడం కూడా ఒక డ్యూటీయే, దానికి ఓవర్‌టైమ్ లేదు.

కౌంటర్లోనే నా కన్ను నిజంగా పని చేసేది. కిటికీ అద్దానికి అవతల లైన్లో నిలబడ్డవాళ్ళలో నేను ఒకణ్ణి పేరు అడిగితే ఇద్దరు పేర్లు చెప్పేవారు. "మేడమ్, ముఝే బోలా?" నన్నేనా అడిగింది అని వెనకవాడు ముందుకు తోసుకొచ్చేవాడు, ముందువాడు వాడి మీద విరుచుకుపడేవాడు. ఫారమ్‌లో వయసు తప్పు రాసినవాళ్ళు మాత్రం, నేను ఎటు చూస్తున్నానో తెలియక, తామే ముందు ఒప్పేసుకునేవారు. టికెట్లన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయి లైను పలచబడ్డాక ఆ సరదా కూడా తగ్గింది.

ఇక ఆ కన్ను పోయిన సంగతి. క్వార్టర్ ముందు గోరింటాకు కంచె అడ్డదిడ్డంగా పెరిగింది. ఒక ఆదివారం కత్తెర పట్టుకుని నేనే కత్తిరించబోయాను. ఒక పుల్ల వంగి, తిరిగి ఎగిరి, ఎడమ కంట్లో కొట్టింది. ఒక్క క్షణం మంట, కొంచెం నీళ్ళు, అంతే. సాయంత్రానికి ఎర్రబడింది. అప్పుడు డాక్టరు దగ్గరకి వెళ్ళి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ రైల్వే కాలనీలో కన్ను ఎర్రబడితే అది ఒక్కరి కన్ను కాదు, అందరిదీ. అత్త నందివర్ధనం పువ్వులు తెచ్చి కంటి మీద పరిచింది. పక్క క్వార్టర్ పిన్ని వెనక వీధిలో బాలింత దగ్గరనుంచి చెంచాడు చనుబాలు తెచ్చింది. "ఒక్క సుక్క ఎయ్యమ్మీ, రేపటికి తెల్లగా అయిపోద్ది" అంది. నాతో పనిచేసే ఆవిడ గులాబీ నీళ్ళు ఇచ్చింది. మా ఆయన స్కూటరు మీద లింగియాడీహ్ తీసుకెళ్ళాడు, అక్కడ ఒకాయన వేపకొమ్మతో దిష్టి తీసి కంట్లో ఊదాడు. ఆయన నోట్లో గుట్కా ఉందని నాకు ఊదిన తరవాత తెలిసింది. చివరికి మందుల షాపులో, చీటీ లేకుండా, 'అందరూ ఇదే వాడతారు' అని ఇచ్చిన చుక్కలు వేసుకున్నాను. రెండు రోజులు హాయిగా ఉంది. ఆ తరవాత నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది.

పదకొండో రోజు రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ముందు నన్ను తిట్టి, తరవాత రాయ్‌పూర్ పంపింది. అక్కడ పెద్ద డాక్టరు చెప్పిందేమిటంటే, ఆకూ పుల్లా గీరుకుంటే కంట్లో బూజు పడుతుందట, షాపు చుక్కలు ఆ బూజుకి ఎరువు వేశాయట. మూడు వారాలు గంట గంటకీ మందు వేశారు. ఒకరోజు పొద్దున్న దగ్గాను, కంట్లోంచి వెచ్చగా ఏదో జారింది. గుడ్డు పగిలింది. లోపలిదంతా తీసేసి ఒక చిన్న గోళీ పెట్టి కుట్టేశారు. టికెట్ మీద పేరులో ఒక్క అక్షరం తప్పితే పట్టుకునేదాన్ని, పదకొండు రోజులు ఊరందరి చేతా నా కంట్లో ఏవేవో పోయించుకుని కూర్చున్నాను. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ ఎగతాళి చెయ్యలేను, ఆ కత్తెర కూడా నా చేతిలోనే ఉంది.

కట్టు విప్పాక అద్దం ఇచ్చారు. రెప్పల మధ్య గులాబీ రంగు మాంసం, దాని మీద పారదర్శకమైన ఒక ప్లాస్టిక్ డొప్ప. గట్టిగా ఏడ్చాను. చూడలేని కన్నే కదా అని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. కానీ దానికి వెలుతురు తెలిసేది. ఎడమపక్క ఎవరైనా నిలబడితే ఒక నీడ తెలిసేది. ఇప్పుడు నాకు ఎడమపక్క అనేదే లేదు. ఇంటికొచ్చాక టీ కప్పులో పొయ్యబోతే సాసర్‌లో పడింది, తలుపు రెక్క రోజుకోసారి భుజానికి తగిలింది, బుధవారి బజార్‌లో ఎడమనుంచి వచ్చే ఆటో ప్రతిసారీ ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే వచ్చింది. ఆ భయం మాత్రం నవ్వులాటగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

అత్త ఆ సమయంలో చేసిన పని నాకు ఒళ్ళు మండించింది. కాలనీలో అందరికీ మోతిబిందు ఆపరేషన్ అని చెప్పింది. శుక్లం తీశారు, నల్ల కళ్ళద్దాలు తియ్యకూడదన్నారు, ఎవరూ కంట్లోకి చూడకూడదన్నారు, అని రోజుకో నిబంధన తయారుచేసింది. పిన్ని పరామర్శకి వస్తే నన్ను వంటింట్లోకి తోసేసి తనే మాట్లాడి పంపేసేది. పరువు కోసమని నేను అనుకున్నాను. అదృష్ట దేవత గుడిలోంచి విగ్రహం పోయిందని తెలిస్తే పూజారికి నామోషీ కదా.

పైగా విగ్రహం పోయాక కష్టాలు మొదలయ్యాయి, లేదా మొదలైనవాటికి కారణం దొరికింది. ఫ్రిజ్ పాడయింది. కుళాయిలో నీళ్ళు సన్నగా వచ్చాయి. ప్రమోషన్ కోసం మా ఆయన రెండు సార్లు రాసి తప్పిన రైల్వే డిపార్ట్‌మెంటల్ పరీక్ష మూడోసారి రాశాడు, ఫలితాల లిస్టు ఇంకా రాలేదు. పరీక్ష గైడు ఆ ఏడాదంతా ఫ్రిజ్ కింద, ఎత్తు సరిపోక ఊగే కాలుకి ఆధారంగా ఉంది. అయినా సరే, "ఇంత మంచి కన్ను ఇప్పుడే పోవాలా" అని ఆయన నిట్టూర్చాడు. నా బాధ కోసం కాదని నాకు తెలుసు.

ఆరువారాలయ్యాక కృత్రిమ కన్ను పెట్టించడానికి రాయ్‌పూర్ రమ్మన్నారు. నేను ఒక్కదాన్నే వెళ్తానన్నాను. అత్త, మా ఆయన ఇద్దరూ పాసు తీసుకుని ముందే బండెక్కారు. అత్త ఒళ్ళో పాత చీర ముక్కలో చుట్టిన ఒక పెద్ద పొట్లం ఉంది. దారిలో తినడానికేమో అనుకున్నాను.

రాయ్‌పూర్ ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది, దుర్గ్ వైపు పిల్ల, ముప్ఫయ్యేళ్ళు ఉంటాయేమో. ఆమె పని కళ్ళు తయారుచెయ్యడం. బల్ల సొరుగు లాగింది, లోపల గళ్ళు గళ్ళుగా రెడీమేడ్ కళ్ళు, అన్నీ ఒకేసారి పైకి, మా ముగ్గురికేసి చూశాయి. మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈ రెడీమేడ్‌వి మీకు సరిగ్గా కూర్చోవు, కొలత తీసి చేద్దాం అంది ఆమె. కంట్లో చల్లటి జావలాంటిదేదో పోసి, అది గడ్డకట్టాక తీసి, దాన్నిబట్టి మైనంతో ఒక డొప్ప చేసింది. రేకులాంటి ఆ మైనం మీద నల్లగుడ్డు ఎక్కడ రావాలో గుర్తు పెట్టాలి, దాని తరవాత రంగులు, రక్తనాళాల కోసం ఎర్రటి సన్నటి దారపు పోగులు. ఇంత నేర్పుగా మనిషి మొహాన్ని చూసేవాళ్ళని నేను అంతవరకూ చూడలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, దీంతో కొంచెమైనా కనిపిస్తుందా?" అని హిందీలో అడిగాడు. కనిపించదు అంది ఆమె, రోజుకి పదిమందికి చెప్పే ఓపికతో. "అచ్ఛా. మరి పవర్ ఎంత వేయిస్తారు?" అన్నాడు. ఆమె నాకేసి చూసింది, నేను గోడకేసి చూశాను. ఏడాదికోసారి తెచ్చి పాలిష్ చేయించుకోవాలని ఆమె చెబితే మాత్రం ఆయనకి వెంటనే బోధపడింది. కోచ్‌లకి షెడ్‌లో ఓవర్‌హాల్ చేసినట్టన్నమాట అని తృప్తిగా తలాడించాడు.

"తిన్నగా నన్ను చూడండి" అని ఆ అమ్మాయి మైనం డొప్ప నా కంట్లో పెట్టి, పెన్సిలుతో నల్లగుడ్డు చోటు గుర్తు పెట్టబోయింది. అప్పుడు అత్త లేచింది.

"బేటీ, అక్కడ కాదు" అంది. చీర ముక్క విప్పింది. అందులో తినేదేమీ లేదు, మా పెళ్ళి ఆల్బమ్ ఉంది. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంటుంది కాబట్టి ఏ ఫోటోలోనూ నా కళ్ళు లేవు, తలంబ్రాల ఫోటోలో తప్ప. బియ్యం మొహాన కొడితే ఉలిక్కిపడి తలెత్తాను, ఎడమ గుడ్డు ముక్కుకి ఆనుకుని ఉంది. అత్త ఆ ఫోటో మీద వేలు పెట్టి, "ఇదుగో, ఇలా. ఇంతకన్నా ఎక్కువ వద్దు, తక్కువ వద్దు" అని బజారు హిందీలో కొలత చెప్పింది.

ఆ అమ్మాయి ఫోటో చూసింది, నన్ను చూసింది. "దాయీ," అంది అత్తని, అక్కడ అమ్మని అలాగే అంటారు, "నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా కన్ను సరిగ్గా రావాలని ఏడుస్తారు. వంకరగా పెట్టమన్నది మీరొక్కరే." వంకరగా పెట్టడం కష్టం కాదట, తిన్నగా పెట్టడమే కష్టమట. కానీ గుడ్డు ఒకసారి దిగాక మార్చడం ఉండదు, కాబట్టి ఇంట్లో ఆలోచించుకుని వచ్చే వారం చెప్పమంది. నాకేసి తిరిగి, "మీకు ఎలా కావాలి?" అని అడిగింది. అరచేత్తో సగం మొహం కప్పుకునే పిల్ల ఒక్కసారి నా గొంతులోకి వచ్చింది. తిన్నగా అని అనబోయాను. "దానికేటి తెల్సు, మేం సెప్తాం" అంది అత్త తెలుగులో. నేను నోరు మూసుకున్నాను. ఇరవయ్యారేళ్ళ అలవాటు ఒక్క క్షణంలో పోదు.

ఆ వారమంతా మా క్వార్టర్లో నా మొహం మీద పంచాయతీ నడిచింది. "నాకు తిన్నగానే కావాలి" అని నేను మొదటిసారి నోరు విప్పి చెప్పాను. అత్త బియ్యం ఏరుతూ, "మెల్లకన్ను అదృష్టం. ఉన్నది ఉన్నట్టుగ పెట్టించుకో" అంది. ప్లాస్టిక్ ముక్కకి అదృష్టం ఎలా ఉంటుందత్తా అన్నాను. "రాతి దేవుడికి లేదేటి?" అంది. దీనికి జవాబు కోసం రెండు రోజులు ఆలోచించాను, ఇంకా దొరకలేదు. మా ఆయన మధ్యేమార్గం చెప్పాడు. "లిస్టు వచ్చేదాకా వంకరగా ఉంచుదాం. తరవాత నీ ఇష్టం." తరవాత మార్చడం ఉండదని ఆ అమ్మాయి చెప్పింది కదా అన్నాను. "అయినా నీకు దాంతో కనబడదు కదా. చూసేది మేమే కదా" అన్నాడు. నా చేతిలో గరిట ఉంది. ఒంటి కంటితో దూరం అంచనా వెయ్యడం ఇంకా రాలేదు కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే ఆయనకి కూడా రాయ్‌పూర్ పాసు కావలసి వచ్చేది.

వారం తిరిగింది. మళ్ళీ ముగ్గురం బండెక్కాం. కిటికీ పక్కన కూర్చుని, నిజం చెప్పాలంటే, నేను ఓడిపోయాను. ఈ ఇంట్లో బతకాలి, ఈ లిస్టులో ఆయన పేరు ఎలాగూ రాదు, రాకపోతే జీవితాంతం ఆ నేరం నా ఎడమ కంటి మీద ఉంటుంది. పోనీ, నలభయ్యేడేళ్ళు మోసిన వంకరే కదా, ఇంకో ఇరవై మోస్తే పోయేదేముంది అనుకున్నాను. అనుకుని ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఏడుపొచ్చింది, నల్ల కళ్ళద్దాలు అప్పుడు పనికొచ్చాయి.

ఆ అమ్మాయి రంగులు కలుపుకుంటూ మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమంది. మా ఆయన టీ తాగొస్తానని వెళ్ళాడు. అత్తా నేనూ మిగిలాం. ఆమె నాకు కుడిపక్కన కూర్చుంది. కన్ను పోయినప్పటినుంచీ తను నా ఎడమపక్క కూర్చోవడం మానేసిందని అప్పుడే గమనించాను.

"వంకరగానే పెట్టమని చెప్పేస్తానత్తా. నీ అదృష్టం నీకుంటుంది" అన్నాను. మాటలో విషం ఉంది, కావాలనే పెట్టాను.

అత్త ఒళ్ళో ఉన్న ఆల్బమ్ మీది చీర ముక్క ముడి విప్పింది. "అదృష్టం నేదు, గాడిద గుడ్డూ నేదు" అంది.

నేను చటుక్కున ఆమె వైపు తిరిగాను.

"నీ సంబంధం సూడ్డానికి వొచ్చినప్పుడు మా ఆడపడుసు ఏటందో తెల్సా? మెల్లకన్ను గుంటని సేసుకుంతావేటి, ఊర్లో ఆడపిల్లల్లేరేటి అంది. అందరూ లేసిపోనారు. నువ్వు మంచినీల్లు పట్టుకొచ్చేవు. నా మొకంలోకి సూసేవో, నా ఎనకాల గోడకేసి సూసేవో నాకు తెల్దు గానీ, బయం నేకండా సూసేవు. ఈ పిల్లే గావాలనుకున్నాను. మెల్లకన్ను అదృష్టమే, మీకు తెల్దేటి అనీసేను. అంతే, నోల్లు మూసీసేరు. ఒకపాలి అన్నాక ఇంక ఆపడానికి నేకపోయింది. ఎవులొచ్చి నీకేసి వొంకరగా సూసినా నాను ముందే అదృష్టం అనీసీదాన్ని. మీ మావ ఆర్డరు మీద తేదీ నాకు కనబళ్ళేదనుకున్నావేటి?"

అత్త ఆగకుండా చెప్పుకుపోయింది.

"ఇప్పుడు తిన్నటి కన్ను పెట్టీసేవనుకో, కాలనీలో అడుగెట్టగానే తెలిసిపోద్ది, ఇది పెట్టుడు కన్నని. ఒంటికన్నుది అంతారు. పెళ్ళికి పిలవరు, పేరంటానికి ఎదురు రానివ్వరు. పాత వొంకర అలగే ఉంతే, పాత కన్నే అనుకుంతారు. నిన్నెవులూ ఏటీ అనరు. నా బాద అది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడి లిస్టు సంగతి నాకెందుకు. ఆడు సదవడు."

మోతిబిందు ఆపరేషన్, నల్ల కళ్ళద్దాల నిబంధనలు, పిన్నిని గుమ్మంలోంచే పంపెయ్యడం, అన్నీ ఒక్కసారి నా మీదకి తిరిగొచ్చాయి. ఇరవయ్యారేళ్ళుగా నేను ఈమెని మూఢురాలనుకున్నాను. కౌంటర్లో నా స్నేహితురాళ్ళకి ఆమె మాటలు అనుకరించి చూపించి నవ్వించాను. ఇన్నేళ్ళూ ఆమె నా మొహానికి అడ్డంగా నిలబడి ఉంది, నేను ఆమె వీపు చూసి వెక్కిరిస్తున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"తెలిస్తే తెలియనీ అత్తా" అన్నాను. "ఒంటికన్నుదాన్నే. అంటే అననీ. కానీ ఒక్కసారి తిన్నటి మొహంతో ఉండాలని నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా సెప్పకూడదేటి?" అంది అత్త, కోపంగా. "ఇన్నేల్లూ నీకు ఆ మెల్లంతే గొప్పనుకున్నాను."

లోపలికి పిలిచారు. "తిన్నగా" అని నేనే చెప్పాను. ఆ అమ్మాయి ఇక మారు మాట్లాడకుండా నా కుడికంట్లోకి చూస్తూ గుడ్డుకి రంగులు వేసింది. అత్త ఆల్బమ్‌ని మళ్ళీ చీర ముక్కలో చుట్టేసి, ఆమె భుజం వెనక నిలబడి ఇన్‌స్పెక్షన్ మొదలుపెట్టింది. ఇంకొంచెం గోధుమ రంగు వెయ్యమంది, తెలుపు మరీ తెల్లగా ఉంది, మా కోడలు అంత ఫేర్ కాదంది, గుడ్డు ఆవగింజంత బయటికి జరపమంది. చివరికి ఆ అమ్మాయి, "దాయీ, మీరు ఇక్కడే ఉద్యోగంలో చేరండి" అంది. సాయంత్రానికి కన్ను తయారైంది. రెప్ప ఎత్తి లోపలికి జార్చింది, చల్లగా కూర్చుంది. అద్దం ఇచ్చింది.

రెండు కళ్ళూ ఒకవైపు చూస్తున్నాయి. అరచెయ్యి అడ్డం పెట్టుకోకుండా నా మొహం మొత్తం నాకు కనబడింది. ఎడమ కన్ను పక్కకి తిరిగినప్పుడు కొంచెం బద్ధకంగా వెనకబడుతుంది, చలికాలం పుసులు కట్టి రెప్పలు అంటుకుంటాయి, ఈ కష్టాలన్నీ తరవాత తెలిశాయి. ఆ నిమిషంలో మాత్రం చాలా సంతోషించాను, దాచను. మా ఆయన అప్పటికి నాలుగో టీ తాగి వచ్చి, గుమ్మంలో ఆగిపోయి, "ఎవరివమ్మా?" అన్నాడు. తరవాత లిస్టు గుర్తొచ్చి మొహం వేలాడేశాడు.

లిస్టు తొమ్మిదో రోజున వచ్చింది. ఆయన పేరు లేదు. కుర్చీలో కూలబడి, ఒకసారి నా కంటికేసి, ఒకసారి వాళ్ళమ్మకేసి చూశాడు. సరిగ్గా అప్పుడే లిస్టు సంగతి విని పరామర్శకని పక్క క్వార్టర్ పిన్ని వచ్చింది. నేను నల్ల కళ్ళద్దాలు పెట్టుకోలేదు. ఆవిడ పరామర్శ మరిచిపోయి నా మొహానికి దగ్గరగా వచ్చి, ఎడమకీ కుడికీ వంగి చూసింది.

"ఓలమ్మ! మెల్ల ఏదే?"

నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అత్త నాకన్నా ముందే అందుకుంది. "కన్ను పోయింది. కొత్తది పెట్టించేం. బాగుంది కాదేటి?"

ఆమె అంత తేలిగ్గా అనేస్తుందని నేను అనుకోలేదు. పిన్ని బుగ్గ నొక్కుకుంది. కాసేపు కన్ను పోయినందుకు అయ్యయ్యో అంది, ఆ తరవాత గొంతు తగ్గించినట్టే తగ్గించి, మా ఆయనకేసి జాలిగా చూసి, అత్త చెవిలో కాకుండా అందరికీ వినబడేలా చెప్పింది. "అయితే మాత్రం మెల్లగానే పెట్టించాల్సింది వొదినా. అదృష్టమని నువ్వే కదేటి అన్నావు. అలగ పెట్టించుంటే పాపం ఆడికి లిస్టులో వొచ్చీసును."

మా ఆయన ఆశగా తలెత్తాడు. అత్త గోంగూర ఒలుస్తోంది, తల ఎత్తలేదు.

"ఇరవయ్యారేల్లు దాని మొకమ్మీద బతికేం, సాల్దేటి?" అంది. "ఇంక ఆడ్ని సదువుకోమను."